డబ్బా మీద రాయని జబ్బు

పురుగుకు కొట్టేదాన్నీ మందు అంటాం, మనిషి మింగేదాన్నీ మందు అంటాం. అద్దంకి, దర్శి, మార్టూరు, నరసరావుపేట – ఏ వూరి బజారు చూసినా ఈ రెండు రకాల మందుల షాపులూ కనపడతాయి. ఒక షాపులో అరువు పెట్టి తెచ్చిన మందు చేలో పోస్తాం. ఇంకో షాపులో అప్పుచేసి కొన్న మందు ఒంట్లో పోసుకుంటాం. ఈ రెండు అప్పులకూ ఏమన్నా చుట్టరికం వున్నదా అని అడిగే నాథుడు లేడు. పంట ఖర్చు లెక్క వేసేటప్పుడు విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, కౌలు, వడ్డీ అన్నీ రాస్తాం. మందు కొట్టిన మనిషి ఒంటికి జరిగిన నష్టం మాత్రం ఆ లెక్కలో ఏనాడూ రాయలేదు. ఢిల్లీలో కూర్చుని మద్దతు ధరలు కట్టే పెద్దలూ రాయలేదు.

పురుగుమందు తాగితే మనిషి చస్తాడని పసిపిల్లవాడికి కూడా తెలుసు. మందు కొడుతూ కళ్ళు తిరిగి గట్టు మీద పడిపోయినవాళ్ళను ప్రతి వూరూ చూసింది. అది ఆ పూటకు కనపడే విషం. ఇరవై ఏళ్ళ తరువాత గడ్డగానో, రక్తం చెడిపోవడంగానో, పిల్లలకు పుట్టుకతో వచ్చిన లోపంగానో బయటపడే విషం ఇంకొకటి వుంది. దానికి సాక్షి వుండడు. అప్పటికి డబ్బా చెత్తలో కలిసిపోయి వుంటుంది, మందు పేరు మరచిపోయి వుంటాం, అమ్మిన కంపెనీ పేరు కూడా మార్చుకుని వుంటుంది. ఈ రెండో విషం గురించి రైతాంగం తెలుసుకోవలసిన నాలుగు మాటలు ఇక్కడ చెప్పుకుందాం.

“సేంద్రియం” అన్నంత మాత్రాన మంచిది కాదు

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. సేంద్రియ ఎరువు అంటే పెంట, చెత్త, పచ్చిరొట్ట అని మనకు తెలుసు. రసాయన శాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. కర్బనం, అంటే బొగ్గులో వుండే మూలకం, ప్రధానంగా వుండే పదార్థాలన్నిటినీ అక్కడ సేంద్రియ లేదా కర్బన రసాయనాలు అంటారు. పంచదారా కర్బన రసాయనమే, డి.డి.టి.యు కర్బన రసాయనమే. ఈనాడు వాడుతున్న పురుగుమందుల్లో చాలా భాగం ఈ జాతివే. క్లోరిన్ కలిపి చేసిన డి.డి.టి., బి.హెచ్.సి., ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ ఒక తెగ. భాస్వరం కలిపి చేసిన పారాథియాన్, మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ రెండో తెగ. కార్బరిల్ వంటి కార్బమేట్లు మూడో తెగ. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ వంటి పైరిథ్రాయిడ్లు నాలుగోది. ఆ తరువాత వచ్చిన కొత్త పేర్లు షాపువాడికి కూడా నోరు తిరగవు.

ఈ తెగలు ఒంట్లో ఒకే విధంగా పనిచేయవు. భాస్వరం తెగ మందు నరాల మీద దెబ్బ కొడుతుంది. నరం నుంచి కండకు కబురు అందిన తరువాత ఆ కబురును ఆపే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో వుంది. ఈ మందు దాన్ని పనిచేయనివ్వదు. అందుకే చొంగ కారుతుంది, చెమట పోస్తుంది, చూపు మసకబారుతుంది, కనుపాప సూదిమొనంత అవుతుంది, చివరకు ఊపిరి అందదు. సకాలంలో ఆస్పత్రికి చేరిస్తే అట్రోపిన్ సూదిమందుతో బతికించవచ్చు.

క్లోరిన్ తెగది నిదానం. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మట్టిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గడ్డిలోంచి గొడ్డుకు, గొడ్డునుంచి పాలకు, పాలనుంచి మనకు వస్తుంది. వచ్చి మన కొవ్వులో తిష్ఠ వేస్తుంది. తల్లి చనుబాలలో కూడా దిగుతుంది. నిన్న కొట్టిన మందు రేపు కడిగితే పోతుందని అనుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఒంటిలోపలి కొవ్వును ఏ సబ్బుతో కడుగుతాం?

పత్తి వచ్చింది, దోమ వచ్చింది

ఈ ప్రాంతానికి ఈ మందులు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోవాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. తరువాత అద్దంకి బ్రాంచి కాలువ కింద పొలాలు మారాయి. నల్లరేగళ్ళలో జొన్న, సజ్జ, కంది పోయి వాణిజ్య పంటలు వచ్చాయి. 1970లలో సంకర పత్తి విత్తనాలు వచ్చాయి. పత్తి తెల్లబంగారం అన్నారు. మొదటి నాలుగేళ్ళు అది నిజమే అనిపించింది. అద్దంకి నుంచి గుంటూరు దాకా రైతు నడిగితే పత్తి ఊసే.

పత్తితోపాటు పచ్చ పురుగు, లద్దె పురుగు వచ్చాయి. వాటికి మందులు వచ్చాయి. 1980లలో పైరిథ్రాయిడ్లు దిగాయి. మొదట్లో కొట్టిన మరునాటికి పురుగు రాలిపోయింది. కొట్టినకొద్దీ పురుగును తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు, పరాన్నజీవులు కూడా రాలిపోయాయి. అడ్డూ అదుపూ పోయిన తెల్లదోమ విజృంభించింది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఊడ్చిపెట్టింది. మందు మీద మందు కొట్టారు. ఒకదానితో లాభం లేకపోతే రెండూ మూడూ కలిపి కొట్టారు. దోమ చావలేదు, రైతు అప్పులపాలయ్యాడు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు పదుల సంఖ్యలో ఆత్మహత్యలు చేసుకున్నారు. రాష్ట్రంలో రైతుల ఆత్మహత్యలు అనే మాట పత్రికలకెక్కింది అప్పుడే. పురుగును చంపని మందు రైతును చంపింది. పదేళ్ళకు, 1997-98లో, అదే కథ వరంగల్ జిల్లాలో జరిగింది.

ఆ చావులను లెక్కపెట్టారు. ఆలస్యంగానైనా, అరకొరగానైనా లెక్కపెట్టారు. కమిటీలు వచ్చాయి, నష్టపరిహారం మాటలు వచ్చాయి. కాని ఆ సంవత్సరాల్లో వీపున డబ్బా కట్టుకుని, ముఖాన తువ్వాలు కూడా లేకుండా, గాలికి ఎదురు నడుస్తూ మందు కొట్టి బతికి బయటపడ్డ వేలమంది సంగతి ఏమిటి? వాళ్ళలో అప్పటి పాతికేళ్ళ కుర్రవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. కేన్సర్ బయటపడే వయసు అదే. వాళ్ళను పిలిచి “నాయనా, నువ్వు ఏ మందు, ఎన్నేళ్ళు కొట్టావు, నీ ఆరోగ్యం ఎలా వున్నది” అని వరసగా అడిగి రాసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఇది రైతు అడుక్కోవలసిన దయ కాదు.

విషం ముందు కూలీ ఒంటినే పట్టింది

రసాయనాల వల్ల కేన్సర్ వస్తుందనే సంగతి ప్రపంచానికి ఎలా తెలిసింది? పెద్దవాళ్ళ మేడల్లో తెలియలేదు. 1775లో లండన్ డాక్టరు పెర్సివాల్ పాట్ ఒక సంగతి గమనించాడు. పొగగొట్టాలు ఊడ్చే పేద కుర్రవాళ్ళకు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద కేన్సర్ పుండు లేస్తున్నది. కారణం మసి. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే డాక్టరు అద్దకం రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయం కేన్సర్ చూశాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ళ చెవులకు నెలల తరబడి తారు రుద్ది కేన్సర్ పుట్టించి చూపారు. మసీ, రంగూ, తారూ అన్నీ కర్బన రసాయనాలే. ప్రతిసారీ మొదట పట్టింది పనిచేసే మనిషినే. ప్రతిసారీ యజమానులు మొదట కాదనే అన్నారు.

పురుగుమందుల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ పరిశీలిస్తూ వచ్చింది. వృత్తిరీత్యా పురుగుమందులు కొట్టడాన్నే కేన్సర్ కలిగించే అవకాశం బలంగా వున్న పనిగా ఆ సంస్థ 1991లో చెప్పింది. 2015 మార్చిలో మలాథియాన్, డయాజినాన్, గడ్డిమందు గ్లైఫోసేట్‌లను అదే తరగతిలో చేర్చింది. 2015 జూన్‌లో డి.డి.టి.ని ఆ తరగతిలో చేర్చింది. లిండేన్‌ను మాత్రం ఇంకా పై మెట్టులో పెట్టింది. లిండేన్ మనిషికి కేన్సర్ కలిగిస్తుందని తేల్చి చెప్పింది. ఆ కేన్సర్ లింఫు గ్రంథులకు వచ్చేది.

లిండేన్ అంటే ఎవరో పరాయి కాదు. మన పెద్దలు గుడ్డసంచిలో పోసి మడి మీద దులిపిన బి.హెచ్.సి. పొడి, మనం గమాక్సిన్ అని పిలిచిన పొడి – దాంట్లో పురుగును చంపే పదార్థం లిండేనే. మన దేశంలో బి.హెచ్.సి.ని 1997 దాకా వాడనిచ్చారు. లిండేన్‌కు 2013లో గాని తెరపడలేదు. చేతులతో కలిపిన ఆ పొడి కేన్సర్ కారకమని తేలేనాటికి, కలిపిన చేతుల్లో ఎన్ని మిగిలి వున్నాయో!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. వూళ్ళో వచ్చిన ప్రతి కేన్సరూ పురుగుమందు వల్లే అనటం సరికాదు. పొగాకు, గుట్కా, సారా, కొన్ని వైరస్‌లు, వయసు – ఇవన్నీ కారణాలే. బీడీ, చుట్ట, గుట్కా మానకుండా పురుగుమందును మాత్రమే తిట్టుకుంటే లాభం లేదు. గ్లైఫోసేట్ విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య వాదన వున్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లోనే కేన్సర్ పరిశోధన సంస్థ మాటతో విభేదించింది. అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో మందులు కొట్టేవాళ్ళనూ వాళ్ళ ఇంటివాళ్ళనూ కలిపి దాదాపు 89,000 మందిని 1993 నుంచి వెంబడించి పరిశీలిస్తున్నారు. అన్ని కేన్సర్లూ కలిపి చూస్తే వాళ్ళకు తక్కువే. వాళ్ళలో పొగతాగేవాళ్ళు తక్కువ, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు ఎక్కువ. కాని ప్రొస్టేట్ కేన్సర్ మాత్రం వాళ్ళలో ఎక్కువగా కనపడింది. కొన్ని మందులకూ కొన్ని కేన్సర్లకూ సంబంధం కనపడింది. అన్ని మందులూ ఒకటి కాదు, అన్ని కేన్సర్లూ ఒకటి కాదు. అందుకే ఏ మనిషి ఏ మందు కొట్టాడో రాసిపెట్టుకోవటం అంత అవసరం.

“మా నాయన ముప్ఫై ఏళ్ళు ఎండ్రిన్ కొట్టాడు, గుండ్రాయిలా వున్నాడు, ఏమయింది?” అనేవాళ్ళు వున్నారు. తాటిచెట్టెక్కిన వాళ్ళందరూ పడరు. అలాగని తాడు లేకుండా ఎక్కమని ఎవరూ చెప్పరు. పైగా దెబ్బ తగిలేది కొట్టినవాడికే కాకపోవచ్చు. కాలిఫోర్నియాలో 1959-67 మధ్య గర్భిణులుగా వున్న స్త్రీల రక్తాన్ని దాచిపెట్టి, ఆ తల్లులకు పుట్టిన ఆడపిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా చూశారు. ఏ తల్లుల రక్తంలో డి.డి.టి. ఎక్కువగా వున్నదో వాళ్ళ కూతుళ్ళకు రొమ్ము కేన్సర్ ముప్పు దాదాపు నాలుగు రెట్లు వున్నట్టు 2015లో ప్రకటించారు. ఆ కూతుళ్ళు చేలో అడుగు పెట్టినవాళ్ళు కారు. తల్లికడుపులో వుండగానే తగిలింది.

రంగు త్రికోణం చెప్పేది సగమే

పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం వుంటుంది. 1971 నిబంధనల ప్రకారం ఎరుపు అంటే మహా విషం, పసుపు అంటే ఎక్కువ విషం, నీలం అంటే ఒక మోస్తరు, ఆకుపచ్చ అంటే స్వల్పం. ఇది రైతు గుర్తుంచుకోవలసిన మంచి ఏర్పాటే. కాని ఈ రంగులు దేన్ని చూసి వేస్తారు? ఎంత మోతాదు ఒక్కసారి ఒంట్లోకి పోతే జంతువు చస్తుంది అనేదాన్ని చూసి వేస్తారు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పీలిస్తే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. కేన్సర్ తెస్తుందా, గర్భాన్ని చెడగొడుతుందా, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుందా అన్నవాటికి త్రికోణంలో చోటు లేదు. మలాథియాన్‌కు ఎర్ర త్రికోణం లేదు. లేదు గనక నెమ్మదైన మందు అనుకుంటాం. ఎరుపు కానిదల్లా సాధువు అని రైతు నమ్ముతున్నాడు. షాపువాడూ అలాగే చెప్పి అమ్ముతున్నాడు.

డబ్బాతో వచ్చే కాగితం మీద అన్నీ రాసే వుంటాయి అని కంపెనీవాళ్ళంటారు. చేతి తొడుగులు వేసుకోవాలి, ముఖానికి తొడుగు కట్టుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, గాలివాటున కొట్టాలి అని చీమలంత అక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటారు. ఏప్రిల్, మే దాకా మిర్చి చేలో వుండే ఎండ ఆ కాగితం రాసినవాడికి తెలియదు. ఆ ఎండలో రబ్బరు తొడుగులు వేసుకుని ఎకరం మందు కొట్టి చూపమనాలి. మన ఎండకు, మన పనికి పనికివచ్చే రక్షణ దుస్తులు తయారుచేయించకుండా “రైతు జాగ్రత్త తీసుకోలేదు” అనటం దొంగమాట.

ఎవరి ఒంటి మీద ఎంత పడుతున్నది?

మందు ఖర్చు భూమి గలవాడిదో కౌలుదారుదో కావచ్చు. మందు పడే ఒళ్ళు ఎక్కువగా కూలీది. డబ్బా మోసేది కూలీ. బిందెలతో నీళ్ళు మోసి మందు కలిపి అందించేది ఆడకూలీ. కలిపేటప్పుడు వుండేది నీళ్ళు కలవని చిక్కటి విషం. చెయ్యి పెట్టి కలిపితే చర్మం గుండానే లోపలికి పోతుంది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మూడు గ్రామాల పత్తి సాగుదారులు మందు కొట్టిన రోజుల్లో ఒంట్లో కలిగిన బాధలను తామే నమోదు చేశారు. నమోదైన 323 సందర్భాల్లో నూటికి 80కి పైగా సందర్భాల్లో స్వల్పంగానో తీవ్రంగానో విషలక్షణాలు కనపడ్డాయి. కొట్టే పని మగవాళ్ళదైనా కలిపే పని ఆడవాళ్ళదనీ, వాళ్ళకూ విషం సోకుతున్నదనీ ఆ అధ్యయనం చూపింది. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో కూలీలు కూడా వున్నారు.

మిర్చి సంగతి ఇంకా తీవ్రం. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ మిర్చి తోటల్లో పూతను నాశనం చేసింది. 1987 నాటి పత్తి రైతు ఏమి చేశాడో 2021 నాటి మిర్చి రైతు అదే చేశాడు. దొరికిన మందల్లా కొట్టాడు. ఆ తోటల్లోకే కోతకు కర్నూలు, ఆదోని వైపు నుంచి పిల్లాపాపలతో వలస కూలీలు వస్తారు. తోటలోనే గుడిసె వేసుకుంటారు, తోట పక్కనే వండుకుంటారు, మందు కలిపిన గాబు నీళ్ళే వాడుకుంటారు. మందు కొట్టిన తరువాత ఇన్ని రోజులదాకా కాయ కోయరాదు అనే నిబంధన డబ్బా మీదనే వుంటుంది. రేటు దిగిపోతుందన్న భయంలో, కూలీలు మళ్ళీ దొరకరన్న భయంలో ఆ రోజులెవరు లెక్కపెడుతున్నారు? కళ్ళంలో కాయ ఎండాక తాలుకాయ ఏరే ఆడవాళ్ళు, తొడిమలు తీసే ఆడవాళ్ళు రోజంతా ఆ దుమ్ములోనే వుంటారు.

కళ్ళంలో ఇంకో విషం కూడా పుడుతుంది. తడి ఆరని కాయ కుప్ప పోసినా, మట్టినేల మీద మంచుకు తడిసినా బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అదీ కర్బన పదార్థమే, ఏ కంపెనీ చేసింది కాదు, ప్రకృతిలో పుట్టిందే. కాలేయానికి కేన్సర్ తెస్తుందని తేలిన విషం అది. అందువల్ల ప్రకృతిలో వచ్చిందంతా మంచిదనీ, ఫ్యాక్టరీలో వచ్చిందంతా చెడ్డదనీ గుడ్డిగా నమ్మరాదు. టార్పాలిన్ పట్టాలు, సిమెంటు కళ్ళాలు ఇస్తే ఈ విషం చాలావరకు తగ్గుతుంది. అంత తేలిక పనికి కూడా రైతు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తున్నది.

విదేశాలకు పోయే మిర్చిని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. మందు అవశేషాలు, అఫ్లాటాక్సిన్ హద్దు మీరితే సరుకు తిప్పి పంపుతారు. ఆ భయంతోనైనా ఎగుమతి వ్యాపారి జాగ్రత్త పడతాడు. మన వూరి సంతలో కొనే కారానికి అంత పరీక్ష ఎక్కడ? ఐరోపావాడి కడుపు ఒకటీ, మన కడుపు ఇంకొకటీనా?

చట్టం వెనక, చావు ముందు

మన దేశంలో పురుగుమందుల చట్టం ఎలా పుట్టిందో చూస్తే మొత్తం తీరు అర్థమవుతుంది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. తిండి సరుకూ విషమూ ఒకే ఓడలో రావటం వల్ల జరిగిన ఘోరం అది. విచారణ జరిగింది. చట్టం పదేళ్ళకు, 1968లో వచ్చింది. నిబంధనలు 1971లో వచ్చాయి. అప్పటినుంచీ ఇదే నడక. చావు ముందు, చట్టం వెనక.

ఎండ్రిన్‌ను 1990లో, ఆల్డ్రిన్‌ను 1996లో ఆపారు. ఎండోసల్ఫాన్ కథ అందరికీ తెలుసు. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా దాన్ని హెలికాప్టర్లతో చల్లారు. నరాల జబ్బులతో, అంగవైకల్యంతో పిల్లలు పుట్టారు. ప్రజలు ఏళ్ళ తరబడి పోరాడితే 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీ, అమ్మకం ఆపింది. బాధితులకు 5 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2017లో ఆదేశించింది. అదే ఎండోసల్ఫాన్‌ను అన్నేళ్ళూ మన పత్తి చేలల్లోనూ కొట్టాం. 2013లో బీహార్‌లోని గండామన్ గ్రామంలో బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. ఆ తరువాత పదేళ్ళకు, 2023లో, మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపుతూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ట్రయజోఫాస్, ఫోరేట్, ఫాస్ఫమిడాన్‌లకు 2020 ఆఖరున తెరపడింది. పిల్లల మెదడు మీద పనిచేస్తుందన్న కారణాన క్లోర్‌పైరిఫాస్‌ను 2025 మేలో అంతర్జాతీయ స్టాక్‌హోం ఒడంబడిక పట్టికలో, కొన్ని మినహాయింపులతో చేర్చారు.

వరస చూడండి. అమ్మనిచ్చినన్నాళ్ళూ “భయం లేదు” అన్నారు. ఆపిన రోజున “ప్రమాదకరం” అన్నారు. మధ్య కాలంలో వాడినవాళ్ళ గతి ఏమిటని ఎవరూ అడగలేదు. కంపెనీ లాభం దానికి మిగిలింది, జబ్బు రైతుకు మిగిలింది.

చట్టంలో పనికివచ్చే ముక్కలు లేకపోలేదు. 1968 చట్టంలోని 26వ సెక్షను ప్రకారం, పురుగుమందు వల్ల విషం సోకిన ప్రతి సంఘటననూ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు వేయవచ్చు. ఫ్యాక్టరీ కార్మికులకు 1948 చట్టంలోనే వృత్తి జబ్బుల పట్టిక పెట్టారు. వృత్తి వల్ల వచ్చే కేన్సర్ ఆ పట్టికలోకి ఎక్కింది. చేలో పనిచేసేవాడికి మాత్రం అలాంటి పట్టిక లేదు. అదే విషం ఫ్యాక్టరీలో ముట్టుకుంటే వృత్తి జబ్బు, పొలంలో ముట్టుకుంటే తలరాత! ఫ్రాన్స్ దేశంలో పురుగుమందుల వల్ల వచ్చే పార్కిన్సన్ వ్యాధిని 2012లో, లింఫు గ్రంథుల కేన్సర్‌ను 2015లో, ప్రొస్టేట్ కేన్సర్‌ను 2021లో వ్యవసాయదారుల వృత్తి జబ్బులుగా గుర్తించారు. అక్కడి రైతు ఒంట్లో పారేదీ మన ఒంట్లో పారేదీ ఒకే రక్తం.

తప్పంతా రైతుదేనా?

పట్నాల్లో సభలు పెట్టి “రైతు అతిగా మందులు కొట్టి జనానికి విషం పెడుతున్నాడు” అని ఉపన్యాసాలిస్తున్నారు. రైతుకు సరదాగా వుండి కొడుతున్నాడా? పంట పోతే కౌలు పోతుంది, వడ్డీ మిగులుతుంది. కౌలుదారుకు బ్యాంకు అప్పు ఇవ్వదు, షాపువాడు ఇస్తాడు. అప్పిచ్చినవాడు ఏ మందు ఇస్తే అదే తీసుకోవాలి. వ్యవసాయాధికారి వూరికి వచ్చేది ఎప్పుడో, షాపువాడు మాత్రం పొద్దున్నే తలుపు తీస్తాడు. అతనే డాక్టరు, అతనే షావుకారు, పంట చేతికొస్తే కొన్నిచోట్ల అతనే కొనుగోలుదారు. ఏ మందుకు కమీషను ఎక్కువో ఆ మందే మంచిదవుతుంది. ఈ ముడి విప్పకుండా రైతుకు నీతులు చెప్పటం వృథా.

మందు తగ్గిస్తే పంట పోతుందన్నది నిజమా? అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్థులు పత్తి సాగుచేస్తూనే 2003లో తమ వూరిని పురుగుమందులు లేని వూరుగా ప్రకటించుకున్నారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు, ఎరపంటగా ఆముదం, బంతి – ఇవే వాళ్ళ ఆయుధాలు. వూరంతా ఒక్కమాట మీద నిలబడటం అన్నిటికన్నా పెద్ద ఆయుధం. ఒక్క రైతు మానేస్తే పక్క చేలో పురుగు వచ్చి పడుతుంది, వూరు మానేస్తే నిలబడుతుంది. ఆ అనుభవంతోనే పురుగుమందులు లేని సాగు కార్యక్రమం రాష్ట్రంలో కొంత విస్తరించింది. తెల్లదోమను తట్టుకొనే కాంచన వంటి పత్తి రకాలు మన శాస్త్రజ్ఞులే ఇచ్చారు. ప్రభుత్వ పరిశోధనకు డబ్బిస్తే దారులు దొరుకుతాయి. ఆ డబ్బు తగ్గిస్తూ కంపెనీలకు దారి విడవటం వల్లనే రైతు షాపువాడి చేతికి చిక్కాడు.

ఏమి చేయాలి?

ఈ పూట నుంచే మనం చేయగలిగినవి కొన్ని వున్నాయి. మందు చేత్తో కలపరాదు, కర్రతో కలపాలి. గర్భిణులనూ, పాలిచ్చే తల్లులనూ, పిల్లలనూ ఆ పనికి పెట్టరాదు. రెండు మూడు మందులు కలిపి కొట్టే అలవాటు మానాలి. ఖాళీ డబ్బాల్లో నూనె, నీళ్ళు, ఉప్పు పోసుకోరాదు. వాటికి చిల్లులు పొడిచి పూడ్చాలి. మందు కొట్టిన బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకరాదు. కొట్టిన మందు పేరు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. బిల్లు లేకుండా మందు కొనరాదు. రేపు జబ్బు వస్తే డాక్టరుకు చూపటానికైనా, కోర్టులో నిలబడటానికైనా అదే ఆధారం.

మిగిలింది ప్రభుత్వం చేయవలసింది. పురుగుమందు సోకిన ప్రతి కేసునూ ఆస్పత్రులు విధిగా తెలియజేసేలా 26వ సెక్షను కింద ఉత్తర్వు వేసి అమలు జరపాలి. పత్తి, మిర్చి మండలాల్లో నలభై దాటిన ప్రతి రైతుకూ, ప్రతి వ్యవసాయ కార్మికురాలికీ ఏడాదికొకసారి ఉచితంగా పరీక్షలు జరపాలి. కేన్సర్ రోగి పేరు రాసుకునేటప్పుడు అతను వాడిన మందుల చరిత్ర కూడా రాయాలి. డబ్బా మీద త్రికోణం పక్కన దీర్ఘకాలిక ప్రమాదం కూడా తెలుగులో, కంటికానే అక్షరాల్లో అచ్చువేయించాలి. వ్యవసాయంలో వృత్తి జబ్బుల పట్టిక తయారుచేసి, నష్టపరిహారానికి కంపెనీల నుంచి నిధి వసూలు చేయాలి. కౌలుదార్లకు బ్యాంకు అప్పు ఇచ్చి షాపు అప్పు నుంచి విడిపించాలి. ప్రతి పెద్ద గ్రామంలో మందు అమ్మకంతో సంబంధం లేని వ్యవసాయ సలహాదారును నియమించాలి.

మన దేశంలో 2022లో సుమారు 14.6 లక్షల మందికి కొత్తగా కేన్సర్ వచ్చినట్టు భారత వైద్య పరిశోధన మండలి అంచనా వేసింది. వీరిలో ఎవరు చేలో మందు కొట్టినవాళ్ళో ఆ అంకె చెప్పదు. చెప్పించేదాకా అడగటమే రైతు సంఘాల పని, వ్యవసాయ కార్మిక సంఘాల పని. గిట్టుబాటు ధర అడిగేటప్పుడు ఆ ధరలో మన ఆయుష్షు కూడా కలిసి వున్నదని గుర్తుంచుకుని అడుగుదాం. క్వింటాలుకు ఎంత అని మార్కెట్టు యార్డులో కేకలు వేస్తున్నాం. ఆ క్వింటాలు పండించటానికి మనిషి ఎంత అరిగాడో కూడా అదే గొంతుతో అడగాలి.